సున్నా పాయింట్ ఎనిమిది

మాచర్లలో నిఖత్ పనిచేసే ల్యాబును గది అనడానికి నోరు రాదు. చెన్నకేశవులు గారి పురుగుమందుల షాపు పక్కనుంచి మేడమెట్లు పైకి పోతాయి. ఆ మెట్ల కింద మిగిలిన కాస్త చోటుకు తలుపు బిగించి, సున్నం కొట్టించి, ట్యూబులైటు వేలాడదీసి, బయట రక్తపరీక్షా కేంద్రం అని బోర్డు పెట్టారాయన. కిటికీ అన్న మాటే లేదు. లోపలికి పోయేకొద్దీ కప్పు కిందికి దిగుతుంది కాబట్టి మిషను ఉన్న మూలకు చేరాలంటే ఎంత గొప్పవాడైనా తల వంచాల్సిందే. తొమ్మిదేళ్ళుగా వంచీ వంచీ నిఖత్‌కు ముప్పై ఆరేళ్ళకే మెడ పట్టేసింది. మెడనొప్పికి పొద్దున ఒక బిళ్ళ, సాయంత్రం ఒక బిళ్ళ. ఈమధ్య మధ్యాహ్నం కూడా ఒకటి.

బాత్రూము మేడ మీద ఉంది. దాని తాళంచెవి షాపులో గుమాస్తా దగ్గర ఉంటుంది. మందులు కొనడానికి వచ్చిన పదిమంది రైతుల మధ్యలోంచి వెళ్ళి తాళంచెవి అడగడం, ఇందాకేగా పోయొచ్చావు అన్నట్టు అతను చూసే చూపు భరించి మెట్లెక్కడం ఏ ఆడమనిషికీ ఇష్టమైన పని కాదు. దానికి నిఖత్ చేసుకున్న ఉపాయం ఈ దేశంలో చాలామంది ఆడవాళ్ళు చేసుకునేదే. నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున ఇంట్లో ఒక గ్లాసు, సాయంత్రం ఇంటికెళ్ళాక ఇంకో గ్లాసు. ఊరందరి కిడ్నీలూ చూసి చెప్పే మనిషి తన కిడ్నీలకు పెట్టిన రేషను అది. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు.

పోనీ మానేసి ఇంకోచోట చేరొచ్చుగా అంటారా. ఆమె పదో తరగతి మార్కుల పత్రం నుంచి ల్యాబు టెక్నీషియను సర్టిఫికెట్టు దాకా అసలు కాగితాలన్నీ చెన్నకేశవులు గారి బీరువాలో ఉన్నాయి. చేరిన రోజే తీసుకున్నారు. తనిఖీవాళ్ళు వస్తే చూపించాలన్నారు, భద్రంగా ఉంటాయన్నారు. రెండుసార్లు అడిగింది. నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టు కాదా అమ్మా అని నవ్వారాయన. అంత మంచిగా కాదన్న మనిషిని మూడోసారి అడగడం కష్టం. భర్త అక్రం బోరు లారీ మీద కర్ణాటకలో తిరుగుతుంటాడు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో అమ్మ మాబున్నీసా, తొమ్మిదో తరగతి చదివే కూతురు ఫాయిజా ఉంటారు. ఆ ముగ్గురికీ తెలిసిన నిఖత్ పొద్దున తొమ్మిదికి మెట్ల కిందికి దూరి సాయంత్రం ఆరింటికి బయటపడే మనిషి.

పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టగలిగినవాళ్ళు లేరు. అది తండ్రి నుంచి వచ్చింది. హబీబుల్లా బతికున్నన్నాళ్ళు మోటార్లకు వైండింగు చేశాడు. కాలిపోయిన మోటారు తెచ్చి ముందు పెడితే వెంటనే దాని జోలికి పోయేవాడు కాదు. చేతిలోని టెస్టరును ముందు వెలుగుతున్న బల్బు మీద పెట్టి చూసుకునేవాడు. బాగున్నదాని దగ్గర అది సరిగ్గా చెబితేనే చెడిపోయినదాని గురించి అది చెప్పే మాట నమ్మాలి అనేవాడు. నిఖత్‌కు ఆయన ఇచ్చిపోయిన ఆస్తి ఆ ఒక్క మాటే.

కొత్త మిషను వచ్చింది రెండేళ్ళ కిందట. అంతకుముందు కిడ్నీ పరీక్ష అంటే చేతి నరంలోంచి గొట్టం నిండా రక్తం తీసి, గిరగిరా తిప్పే యంత్రంలో తిప్పి, పైకి తేలిన పసుపునీళ్ళను నరసరావుపేట బస్సులో పంపేవాళ్ళు. రిపోర్టు మర్నాటికి గాని వచ్చేది కాదు. ఈ కొత్తది టిఫిను డబ్బా అంత పెట్టె. దానిలో పెట్టడానికి రెండు వేళ్ళ వెడల్పు ప్లాస్టిక్ కార్డులు. కార్డు లోపల వెంట్రుక కన్నా సన్నని కాలవలు చెక్కి ఉంటాయి. వేలికొసన తీసిన ఒక్క చుక్కను అంచుకు తాకిస్తే చాలు, ఏ పంపూ లేకుండా, వత్తిలోకి నూనె పాకినట్టు రక్తం దానంతటదే లోపలికి పాకుతుంది. దారిలో జల్లెడ లాంటిది ఎర్ర కణాలను ఆపేస్తుంది. పసుపునీరు మాత్రం పిల్లకాలవల్లోకి చీలిపోయి, అడుగున మందు ఆరబెట్టిన బుల్లి గుంటల్లోకి చేరుతుంది. ఎనిమిది నిమిషాల్లో తెర మీద అంకె పడుతుంది. మొదటి వారమంతా నిఖత్‌కు ఆ కార్డును ట్యూబులైటుకు ఎదురుపెట్టి చూడటమే పని. పెద్దకాలవ, దాన్నుంచి మేజరు కాలవ, దాన్నుంచి పంటబోదె, సాగర్ కుడికాలవ మొత్తాన్ని ఎవరో గోరంత చేసి ఇందులో దాచిపెట్టారనిపించింది. ఒక పెద్ద ల్యాబంతా ఇంత బిళ్ళలో ఇరుక్కుని కూర్చుందంటే, మెట్ల కింద ఇరుక్కుని కూర్చున్న తనకు అదేదో దగ్గర చుట్టంలా తోచింది.

మిషనుతో పాటు కంట్రోలు అని రాసిన రెండు చిన్న సీసాలు వచ్చాయి. వాటిలోని ద్రవం అంకె ఎంతో ముందే తెలుసు కాబట్టి, రోజూ పొద్దున ఒక చుక్క వేసి మిషను నిజం చెబుతోందో లేదో చూసుకోవాలి. వాటిని చల్లగా ఉంచాలి. షాపులోని ఫ్రిజ్ నిండా విత్తనాల పాకెట్లే. ఏప్రిల్ ఎండలకు సీసాలు పాడయ్యాయి. మళ్ళీ తెప్పించమంటే చెన్నకేశవులు గారు రేపూ మాపూ అన్నారు. అప్పుడు నిఖత్ తండ్రి పద్ధతిని పట్టుకుంది. బాగున్నదాని మీద పెట్టి చూడాలి, అంతే కదా. బాగున్న మనిషి ఎదురుగానే ఉంది. అంతకుముందు ఎన్నిసార్లు చూసుకున్నా తన క్రియాటినిన్ సున్నా పాయింట్ ఎనిమిది, అంటే కిడ్నీలు శుభ్రంగా పనిచేస్తున్నట్టు, ఆ అంకె పెరిగితే చెడుతున్నట్టు. ఆ రోజు నుంచి పొద్దున్నే మొదటి సూది తన వేలికే గుచ్చుకునేది. కొట్టువాడికి తూకం రాయి ఎట్లాగో ఆమెకు ఆ అంకె అట్లాగ. మిషను సున్నా ఎనిమిది అన్నదంటే ఆ రోజు అందరి లెక్కలూ నమ్మొచ్చు. ఇంత మంచి ఉపాయం తనకే తట్టినందుకు లోలోపల గర్వపడింది కూడా. ఆ గర్వమే కొంప ముంచింది.

పోయిన ఏడాది జూన్‌లో మిషను ఆమెకు సున్నా తొమ్మిది చూపించింది. ఎండల వల్ల అనుకుంది. జూలైలో ఒకటి పాయింట్ ఒకటి. మిషను తుడిచింది, కార్డుల పెట్టె మార్చింది, బల్లను గోడకు దూరంగా జరిపింది. అంకె మారలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి ఇంజినీరు, తెలిసిన శాంపిలు ఏదన్నా ఉందా మేడం అని అడిగాడు. ఉందంది. దాని అసలు అంకె కచ్చితంగా తెలుసా అన్నాడు. సున్నా ఎనిమిది, ఏడాదిగా చూస్తున్నాను అంది. అయితే మిషనే పక్కకు జరిగింది అంటూ, సెట్టింగుల్లో ఎక్కడికి పోయి ఎంత తగ్గించాలో చెప్పాడు. ఆ శాంపిలు సీసాలో లేదని, తన ఒంట్లోనే తిరుగుతోందని నిఖత్ చెప్పలేదు, అతనూ అడగలేదు. పాయింట్ మూడు తగ్గించింది. తెర మీద మళ్ళీ సున్నా ఎనిమిది వచ్చేసరికి ప్రాణం కుదుటపడింది.

అక్టోబరులో మళ్ళీ పెరిగితే ఇంకో పాయింట్ రెండు తగ్గించింది. డిసెంబరులో ఇంకో రెండు. మొత్తం కలిపి పాయింట్ ఏడు. ఇప్పుడు ఎవరు వచ్చి వేలు చాపినా, వాళ్ళ అసలు అంకెలోంచి పాయింట్ ఏడు మింగేసి మిగతాది చెబుతోంది మిషను. నిఖత్‌కు ఆ రోజుల్లో ఒళ్ళు నీరసంగా ఉండేది, పొద్దున లేస్తే కళ్ళ కింద ఉబ్బు కనిపించేది. మెట్ల కింద మగ్గితే ఇంతకన్నా ఏముంటుందిలే అనుకుంది. మిషనుకు జబ్బు చేసిందనుకుందే గాని, తనకు చేసి ఉండొచ్చన్న ఊహ ఒక్కనాడూ రాలేదు. పని బాగా తెలిసినవాళ్ళతో వచ్చే చిక్కే ఇది, వాళ్ళు తమను తాము లెక్కలో వేసుకోరు.

ఆ చలికాలమంతా క్యాంపులు నడిచాయి. చెన్నకేశవులు గారికి మండలం కుర్చీ మీద కన్ను పడింది, ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. ఆదివారానికో ఊళ్ళో ఉచిత కిడ్నీ పరీక్ష పెట్టించారు. విజయపురి సౌత్‌లో కాలవల ఆఫీసు సిబ్బందికి ఒకటి, మిగతావన్నీ మిరప పండించే ఊళ్ళలో. సూది అంటే జనం వెనకాడతారని ఆయన ఒక ఆనవాయితీ పెట్టారు. ఏ ఊళ్ళోనైనా మొదటి చుక్క ఆయనదే. తెల్లచొక్కా చెయ్యి మడిచి, నలుగురి ముందూ వేలు చాపి, ఫోటోకు నవ్వేవారు. నిఖత్ అంకెను పైకి చదివేది. ఒకటి పాయింట్ మూడు, నార్మల్. జనం చప్పట్లు కొట్టి వరస కట్టేవాళ్ళు.

వరసలో ఎక్కువమంది మిరప కోతలకు పోయే ఆడవాళ్ళు. పొద్దస్తమానం వంగి కాయ కోస్తే నడుములు నిలవవు. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చే నొప్పిబిళ్ళ పడితే తప్ప మర్నాడు లేవలేరు. నిఖత్ మెడకు మింగేదీ ఆ బిళ్ళే. ఏళ్ళ తరబడి మింగితే అది కిడ్నీలను తినేస్తుందని ఎవరో చెబితే భయపడి పరీక్షకు వచ్చారు వాళ్ళు. నార్మల్ అనగానే భయం తీరిపోయి, పోతూ పోతూ ఇంకో బిళ్ళల అట్ట కొనుక్కుపోయారు.

ఫిబ్రవరి మొదటి వారంలో పిచ్చమ్మ వచ్చింది. పిచ్చమ్మ కూలి ముఠాకు పెద్ద. నలభై మంది ఆడవాళ్ళను చేలకు తోలుకుపోయే మనిషి, ఆమె మాటంటే వాళ్ళకు శాసనం. హబీబుల్లా బతికున్నప్పటినుంచీ ఆ ఇంటికి రాకపోకలున్నాయి కాబట్టి నిఖత్ ఆమెను అత్తా అని పిలుస్తుంది. ఆ రోజు ఆమె వాచిన కాళ్ళు ఈడ్చుకుంటూ తలుపులోంచి వంగి వచ్చి, రెండు కాగితాలు బల్ల మీద పరిచింది. ఒకటి క్యాంపులో నిఖత్ ఇచ్చినది, ఒకటి పాయింట్ ఒకటి, నార్మల్ అని. రెండోది అల్లుడు నరసరావుపేట తీసుకుపోతే అక్కడి ఆసుపత్రిలో ఇచ్చినది. రెండు అని ఉంది. మధ్యలో పదహారు రోజులు.

"ఏందే ఇది? నువ్వేమో నార్మలంటివి. ఆ డాక్టరు నీ కాయితం చూసి, మీ ఊళ్ళో మిషన్లు ఇట్టానే చెప్తయ్యా అని నన్నడుగుతుండు. నేనేం చెప్పాల?"

పదహారు రోజుల్లో పెరిగి ఉండొచ్చు అత్తా అంది నిఖత్. అంటుండగానే ఆ మాట తనకే నచ్చలేదు. గొడవ షాపులోకి వినబడి చెన్నకేశవులు గారు తొంగిచూశారు. మిషను మీద మాట రాకూడదు, సంగతేందో తేల్చమని చెప్పి పోయారు.

తేల్చడానికి ఆమెకు తెలిసిన దారి ఒకటే. మర్నాడు పొద్దున తన వేలిచుక్క మిషనులో వేసి చూసుకుంది. సున్నా ఎనిమిది. వెంటనే తన చేతినుంచే గొట్టం నిండా రక్తం తీసి, పేరు రాయాల్సిన చోట కంట్రోలు అని రాసి, నరసరావుపేటలోని పెద్ద ల్యాబుకు బస్సులో పంపింది. అక్కడా సున్నా ఎనిమిది వస్తే ఇక మిషనుకు మచ్చ లేనట్టే. సాయంత్రం నాలుగింటికి ఫోన్లోకి రిపోర్టు వచ్చింది. ఒకటి పాయింట్ ఐదు.

నమ్మండి, మొదట ఆమెకు కలిగింది సంతోషమే. ఒకటీ ఐదులోంచి పాయింట్ ఏడు తీస్తే సున్నా ఎనిమిది. అంటే మిషను మొదటినుంచీ వెంట్రుకవాసి కూడా పక్కకు జరగలేదు. ఆ సన్నకాలవలు, ఆ మందు గుంటలు, వాటి పని అవి ఒద్దికగా చేసుకుపోతూనే ఉన్నాయి. మిషను బాగుంది అని పైకే అనుకుంది. ఆ తర్వాత రెండో ఆలోచన వచ్చింది. మిషను బాగుంటే మరి ఒకటీ ఐదు ఎవరిది?

చివ్వున లేచి నిలబడితే కప్పు తలకు కొట్టుకుంది. ఒకటీ ఐదు తనది. జూన్‌లో సున్నా తొమ్మిదీ తనదే, జూలైలో ఒకటీ ఒకటీ తనదే. ఎనిమిది నెలలుగా ఆ పెట్టె రోజూ పొద్దున్నే, ఊరందరికన్నా ముందు ఆమెకే చెబుతూ వచ్చింది, నీకు జబ్బు చేస్తోంది అని. ఆమె చెప్పినప్పుడల్లా దాని నోరు నొక్కింది. ఆ నొక్కిన నోటితోనే అది మూడు వందల పన్నెండు మందికి లెక్కలు చెప్పింది.

సెట్టింగును సున్నాకు తెచ్చింది. తర్వాత నోటుబుక్కు తీసింది. ఏ తేదీన ఎంత తగ్గించిందో రాసి పెట్టుకుంది కాబట్టి, ఎవరికి ఎంత కలపాలో తెలుసు. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క పేరు పక్కన ఎర్ర పెన్నుతో అసలు అంకె వేసింది. హద్దు దాటినవాళ్ళు నలభై ఒక్క మంది తేలారు. ఇరవై ఎనిమిది మంది పిచ్చమ్మ ముఠా ఆడవాళ్ళు, పన్నెండు మంది తలా ఒక ఊరివాళ్ళు. మిగిలిన ఒక్కరూ చెన్నకేశవులు గారు. ఊరూరా చప్పట్లు కొట్టించుకున్న ఒకటీ మూడుకు పాయింట్ ఏడు కలిపితే రెండు.

ఇంట్లో ఆమె ఈ మాట ఎత్తలేదు. భయం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. చెబితే ఉద్యోగం పోతుంది, కాగితాలు బీరువాలో ఉండిపోతాయి, ఇంకో ల్యాబువాడు గుమ్మం తొక్కనివ్వడు. చెప్పకపోతే నలభై మంది రోజూ ఆ బిళ్ళలు మింగుతూనే ఉంటారు. కళ్ళు అట్లా ఉబ్బాయేమిటని తల్లి అడిగితే నిద్ర చాలలేదంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అచ్చం ఆ స్థితి. అన్నం ముందు కూర్చుని నీళ్ళు తాగుదామని గ్లాసు ఎత్తితే ఇప్పుడు గుర్తొచ్చిందా అని తనమీద తనకే అసహ్యం వేసేది.

చివరికి చెన్నకేశవులు గారినే లోపలికి పిలిచి, తలుపు దగ్గరకు వేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మెడ వంచి నిలబడే విన్నారు. సరిచేశావుగా, రేపటినుంచి సరిగ్గానే చెప్పుద్ది, అయిపోయినదాన్ని తవ్వుకుంటే ఏమొస్తది అన్నారు. చచ్చినోడు ఒక్కడన్నా ఉన్నాడా అని కూడా అడిగారు. నిఖత్ నోటుబుక్కు తెరిచి ఆయన ముందుకు జరిపింది.

"మీ పేరూ ఉంది సార్."

ఆయన ఎర్ర అంకెను చూశారు. స్టూలు మీద కూర్చున్నారు. ఎవరూ అడగకుండానే వేలు చాపారు. ఈసారి ఫోటో తీసేవాళ్ళు లేరు. నిఖత్ సూది గుచ్చి, చుక్కను కార్డుకు తాకించి, మిషనులో పెట్టింది. అంకె పడడానికి ఎనిమిది నిమిషాలు. నెత్తి మీద మెట్లపై ఎవరో ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. అల్లా మన్నించుగాక, నిఖత్‌కు ఆ ఎనిమిది నిమిషాలూ ఆశగానే ఉంది. తన ఒంటి మీదికి వచ్చాక ఈయనకు తెలిసొస్తుంది, రేపు పొద్దున ఊరూరా మైకుతో ఆటో తిప్పిస్తాడు అనుకుంది. తెర మీద రెండు పాయింట్ ఒకటి పడింది.

ఆయన దూదితో వేలు తుడుచుకుని లేచారు. రేపు హైదరాబాదు పోతున్నానని, ఎవరన్నా అడిగితే చుట్టాలింటికి పోయారని చెప్పమని అన్నారు. నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకున్నారు. మరి మిగతావాళ్ళకు అని ఆమె అడిగింది.

"ఎలచ్చన్లు కానియ్. తర్వాత మెల్లగా ఒక్కొక్కళ్ళనే పిలిచి చెబుదాం. ఈలోపు నోరు మెదిపావనుకో, తప్పు చేసింది మిషనూ కాదు, నేనూ కాదు. నువ్వు. నీ కాయితాలు నా కాడ ఉన్నయ్, గుర్తుపెట్టుకో."

తప్పు నీదన్న ఆ మాట పచ్చినిజం కావడమే ఆమెను కట్టేసింది. తప్పు చేసింది తనే. ఆయన తన ఒక్క ప్రాణం పట్టుకుని హైదరాబాదు పోయారు. నలభై ప్రాణాల పుస్తకం బీరువాలోకి పోయింది.

మూడు రోజులు మామూలుగానే పనిలోకి వచ్చింది. మిషను ఇప్పుడు రోజూ పొద్దున ఆమెకు ఒకటీ ఐదు అని చెబుతోంది, ఆమె వింటోంది. నోటుబుక్కు పోయినా మిషను కడుపులో పేర్లూ అంకెలూ ఉన్నాయి. తగ్గించింది కలిపి, వాటిని పురుగుమందు కరపత్రం వెనకవైపు మళ్ళీ రాసుకుని సంచిలో పెట్టుకుంది, ఎందుకో తనకే తెలియదు. నాలుగో రోజు మధ్యాహ్నం చెన్నమ్మ అనే ముఠా మనిషి షాపుకు వచ్చి, పనిగట్టుకుని ల్యాబు తలుపు దగ్గర ఆగింది. నీ చేతి చలవ, ఏ భయమూ లేకుండా పనికి పోతున్నా అంటూ కొంగులోంచి గుప్పెడు పచ్చిమిరపకాయలు తీసి బల్ల మీద పెట్టింది. కరపత్రంలో చెన్నమ్మ అసలు అంకె ఒకటి పాయింట్ తొమ్మిది. తిట్టి ఉంటే నిఖత్ ఇంకో వారం ఓర్చుకునేదేమో. దండం పెట్టినంత పని చేసేసరికి ఇక ఆగలేకపోయింది. ల్యాబుకు తాళం వేసి, తాళంచెవి గుమాస్తా ముందు పెట్టి, ఆటో ఎక్కింది. పిచ్చమ్మకు చెప్పిందంటే మండలానికి చెప్పినట్టే, ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. అది తెలిసే ఎక్కింది.

ముఠా ఊరి బయట చేలో ఉంది. కాళ్ళ వాపుతో పిచ్చమ్మ కోతకు దిగడం మానేసి, గట్టు మీద కాయరాశి పక్కన కూర్చుని పని చూస్తోంది. నిఖత్ పక్కన కూర్చుంది. మాట మొదలుపెట్టలేక రాశిలోని కాయలు తీసి తొడిమలు తుంచసాగింది. గుప్పెడు తొడిమలు తుంచాక చెప్పింది.

"అత్తా, మిషన్లో తప్పు లేదు. నా రక్తం బాగుందనుకుని, దాన్ని చూసి మీ అందరి లెక్కలూ తగ్గించా. నాకే జబ్బు చేసింది. నాకు తెలవలా."

కాలవలూ సెట్టింగులూ పిచ్చమ్మకు అక్కర్లేదు. కాటా దగ్గర మోసపోయి మోసపోయి ముదిరిన మనిషికి ఇంతకన్నా విప్పి చెప్పాల్సిన పని లేదు. మా వాళ్ళెంతమంది అని అడిగింది. ఇరవై ఎనిమిది. నీదెంత అని అడిగింది. ఒకటీ ఐదు. ఇంట్లో చెప్పావా అంటే లేదన్నట్టు తల ఊపింది. పిచ్చమ్మ చేతులు నేలకు ఆనించి లేచి నిలబడి, చేలోకి కేకేసింది.

"ఒసేయ్, సంచులు దించి అందరూ ఇట్టా రండే. ఈ అమ్మాయి చెప్పేది వినండి."

వచ్చి చుట్టూ నిలబడ్డారు. నిఖత్ తను చేసిన పని ముందు చెప్పి, కరపత్రం వెనక్కి తిప్పి, పేరూ అంకే చదవడం మొదలుపెట్టింది. సంచిలో ఫోన్ మోగింది, గుమాస్తా చెప్పి ఉంటాడు, చెన్నకేశవులు గారే. మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. చదువుతూనే ఉంది. ఒకామె, మా ఉసురు తగలకపోదని మెటికలు విరిచింది. ఇంకొకామె తన అంకె విని, వెనక్కి పోయి మళ్ళీ కోతకు వంగింది, ఆమె సాలు ఇంకా సగం మిగిలే ఉంది. చెన్నమ్మ ముందుకొచ్చింది. అంటే నేను బతకనా అని అడిగింది, ఎవరి మీదా కోపం లేకుండా. బతుకుతావు, బిళ్ళలు ఇయ్యాళ్టినుంచే మానేసి రేపే నరసరావుపేటలో చూపించుకుంటే బతుకుతావు అంది నిఖత్.

పిచ్చమ్మ మిగతా పన్నెండు మంది పేర్లూ ఊళ్ళూ మళ్ళీ చెప్పించుకుంది, పొద్దుగూకేలోపు కబురు పోతుందంది. రేపు పని లేదని, పొద్దున నరసరావుపేట మీదుగా పోయే గుంటూరు పాసింజరుకు అందరూ స్టేషను దగ్గరికి రావాలని ముఠాకు చెప్పింది. తర్వాత నిఖత్ వైపు తిరిగింది.

"నువ్వూ రా. తప్పు చెప్పింది నువ్వేగా, ఒప్పు తేలిందాకా మాతోనే ఉండు. నీ చెయ్యి కూడా ఆ డాక్టరుకు చూపిద్దువుగాని."

అప్పటిదాకా ఆ ఒకటీ ఐదు నిఖత్‌కు లెక్కలో తేలిన తప్పు. అది తన ఒంట్లో ఉందని, తను కూడా ఆ వరసలో ఒక మనిషేనని ఎవరో అన్నది అదే మొదలు. నిలబడినచోటే బావురుమంది. ఫాయిజా గుర్తొచ్చింది, అక్రంకు ఎట్లా చెప్పాలో గుర్తొచ్చింది, చచ్చిపోతానేమోనని భయమేసింది. కళ్ళు తుడుచుకోబోతే చెన్నమ్మ గబుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

"తుడుచుకోమాకు. చేతినిండా కారముంది, కళ్ళు పోతయ్."

చెన్నమ్మ ఆ చెయ్యి వదల్లేదు. నిఖత్ కన్నీళ్ళు తుడుచుకోకుండానే, అందరూ చూస్తుండగా, అట్లాగే ఏడ్చింది.